ఉప్పునీటి నానో ట్యాంకు కిట్లు: మొదటి ట్యాంకుగా ఇవి పనికొస్తాయా?

ముందు గాజు, వెనక నల్లటి అడ్డగోడ, దాని వెనక మూడు అరలు, చివరి అరలో అరచేతిలో పట్టేంత పంపు, పైన ఎల్ఈడీ లైటు. ఆల్-ఇన్-వన్ నానో కిట్ అంటే ఇంతే. కింద సంప్ (వడపోత సామాను పెట్టే రెండో తొట్టి) ఉండదు, గాజుకు రంధ్రాలు వేయించే పని లేదు, పైపులు బిగించేదీ లేదు. 15 లీటర్ల బుల్లి డబ్బా నుంచి 110 లీటర్ల దాకా దొరుకుతాయి. పెట్టె మీద రాసేది మాత్రం అన్నింటికీ ఒకటే: నీళ్లు పోయండి, ప్లగ్గు పెట్టండి, సముద్రం మీ బల్ల మీద.

చాలా ఏళ్లుగా పెంచుతున్నవాళ్లను అడిగితే ఇంకో మాట వినిపిస్తుంది. ఉప్పునీటి జోలికి వెళ్తే 200 లీటర్లకు తగ్గకూడదు, చిన్న ట్యాంకు కొత్తవాళ్లను ముంచేస్తుంది అంటారు. రెండూ సగం నిజాలే. మా తీర్పు ముందే చెప్పేస్తాం: 50 నుంచి 80 లీటర్ల కిట్టుతో కొత్తవాళ్లు నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు, పెట్టెలో రాని మూడు నాలుగు వస్తువులు అదే రోజు కొనుక్కుంటే. 20 లీటర్లు, అంతకంటే చిన్నవి మాత్రం మొదటి ట్యాంకుగా వద్దు. చూడ్డానికి అవే సులువుగా కనిపిస్తాయి, కష్టపెట్టేవీ అవే.

అసలు తేడా ఎక్కడంటే, ఆవిరయ్యే నీటి దగ్గర

సముద్రపు నీరు ఆవిరైతే నీళ్లే పోతాయి, ఉప్పు ఒక్క గ్రాము కూడా పోదు. మంచినీటి ట్యాంకులో మట్టం రెండు అంగుళాలు దిగితే చూడ్డానికి బాగుండదు, అంతే. ఇక్కడ ప్రతి రోజూ ఉప్పు చిక్కబడుతుంటుంది.

లెక్క వేసి చూడండి. 20 లీటర్ల కిట్టులో రాయి, ఇసుక పోగా మిగిలే నీరు 15 లీటర్లే. ఫ్యాన్ తిరిగే గదిలో, మూత లేకపోతే, రోజుకు అరలీటరు దాకా ఆవిరవుతుంది. నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే 15 లీటర్లు 13 అవుతాయి. 35 పీపీటీతో (అంటే కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పుతో) మొదలైన నీరు 40 దాటుతుంది. అదే గదిలో 50 లీటర్ల కిట్టు ఉంటే (అసలు నీరు 40 లీటర్లు) నాలుగు రోజుల్లో పోయేది దాదాపు 3 లీటర్లు, ఉప్పు 38 దగ్గర ఆగుతుంది. 200 లీటర్ల ట్యాంకులో 37 కూడా దాటదు. 38ని చేపలూ మెత్తటి కోరల్సూ (పగడాలూ) ఓర్చుకుంటాయి. 40 దాటిన దగ్గర నత్తలు గాజు మీద నుంచి ఊడి పడటం మొదలవుతుంది.

ఇంటికి రాగానే కంగారుపడి రెండు లీటర్లు గబగబా పోస్తే నష్టం రెండింతలు. 40 నుంచి 35కి ఐదు నిమిషాల్లో దించినట్టే. నత్తలకీ రొయ్యలకీ ఒంట్లోని ఉప్పును సర్దుకునే శక్తి చేపలకున్నంత ఉండదు కాబట్టి ముందు అవే పోతాయి. ఉప్పు పెరిగినట్టు తేలితే తగ్గించేది ఒకటి రెండు రోజుల మీద, కొద్ది కొద్దిగా.

ఈ కిట్లలో ఇంకో చిక్కుంది. ముందు కనిపించే ట్యాంకులో మట్టం తగ్గదు. ఆవిరైనదంతా చివరి అరలోనే, పంపు ఉన్న చోటే తగ్గుతుంది. నల్ల గోడ వెనక ఏం జరుగుతోందో ముందు నుంచి తెలియదు. పంపు గాలి పీల్చి ట్యాంకంతా పాలు కలిపినట్టు సన్న బుడగలతో నిండాకే చాలామంది వెనక్కి తొంగి చూస్తారు. ఆ బుడగలు కనిపిస్తే నీళ్లు పోయడం ఇప్పటికే ఆలస్యమైందన్నమాట. నీళ్లు లేకుండా తిరిగితే ఆ చిన్న పంపు ఎక్కువ కాలం బతకదు కూడా. కొన్న రోజే చివరి అర గోడకు చిన్న టేపు ముక్క అంటించి, మట్టం అక్కడే ఉండేలా రోజూ ఉదయం ఆర్ఓ నీళ్లు పోయండి. పోసేది మంచినీళ్లు, ఉప్పునీళ్లు కాదు. కొత్తవాళ్లు అన్నింటికంటే ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఉప్పునీటితోనే మట్టం నింపుతూ పోతే నెలలో 45 పీపీటీ కూడా చూడొచ్చు.

ఆటో టాప్-ఆఫ్: పెట్టెలో రాదు, లేకపోతే కుదరదు

ఈ పని మన బదులు చేసేదే ఆటో టాప్-ఆఫ్, పొట్టిగా ఏటీఓ. చివరి అరలో ఒక సెన్సరు, పక్కన మంచినీళ్ల డబ్బాలో చిన్న పంపు. మట్టం కాస్త దిగగానే గ్లాసుడు నీళ్లు తోడి పోస్తుంది. 50 లీటర్ల కిట్టును 200 లీటర్లంత స్థిరంగా ఉంచగలిగేది ఇదొక్కటే. లైటు మార్చే ముందు, స్కిమ్మర్ (బుడగలతో మురికిని నురగగా తీసే పరికరం) కొనే ముందు దీన్ని కొనండి.

కాకపోతే ఇదీ యంత్రమే. చెడిపోయే తీరులు మూడు. ఒకటి, సెన్సరు మీద నత్త ఎక్కి కూర్చోవడం లేదా నాచు పేరుకోవడం. నీరు ఉన్నా లేదనుకుంటే పోస్తూనే ఉంటుంది, లేకున్నా ఉందనుకుంటే అసలు పోయదు. రెండోది, నీళ్లు తెచ్చే గొట్టం కొస అరలోని నీటిలో మునిగి ఉండటం. పంపు ఆగినా డబ్బాలో మట్టం ఎత్తుగా ఉంటే నీరు తనంతట తానే జారుతూ ఉంటుంది. కొసను నీటికి రెండు మూడు అంగుళాలు పైన క్లిప్పుతో బిగించి, మంచినీళ్ల డబ్బాను ట్యాంకు కంటే కింద పెడితే ఆ బాధ ఉండదు. మూడోది ఈ కిట్లకే ప్రత్యేకం. ముందు నుంచి నీరు వెనక్కి వెళ్లే దువ్వెన పళ్ల లాంటి సందులకు ఏ నాచు ముద్దో చచ్చిన చేపో అడ్డం పడిందనుకోండి. పంపు చివరి అరను ఖాళీ చేసి ముందుకు తోస్తుంది. అక్కడ మట్టం పడిపోయింది కాబట్టి ఏటీఓ మంచినీళ్లు పోస్తుంది, పంపు దాన్నీ ముందుకే తోస్తుంది. ముందు ట్యాంకు అంచు దాటి నేల మీదికొచ్చే దాకా రెండూ తమ డ్యూటీ తాము చేస్తూనే ఉంటాయి.

అందుకే 50 లీటర్ల కిట్టుకు మంచినీళ్ల డబ్బా 5 లీటర్లకు మించొద్దు. అంతా ఒక్కసారి పోసేసినా 40 లీటర్లు 45 అవుతాయి, 35 పీపీటీ 31కి దిగుతుంది. ఆ దెబ్బకు జీవాలు తట్టుకోగలవు. నెలకోసారి నింపితే సరిపోతుందని 20 లీటర్ల డబ్బా పెట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పెట్టెలో వచ్చేవి ఎలా ఉంటాయి

గాజు, అరల నిర్మాణం దాదాపు అన్ని కంపెనీలవీ బాగానే ఉంటాయి. పంపు గంటకు ట్యాంకు నీటిని ఏడెనిమిది సార్లు తిప్పేంత ఉంటుంది. చేపలకు చాలు, కోరల్స్‌కు తక్కువ. రాళ్ల వెనక చెత్త పేరుకోకుండా ఉండాలంటే ఎదురు గాజుకు ఇంకో చిన్న వేవ్ పంపు తగిలించి మొత్తం ప్రవాహం గంటకు 20 రెట్లకు తీసుకురావాలి.

లైటు విషయంలో కంపెనీలను ఊరికే తిడతారు. జోయాంథిడ్లు, మష్రూములు, గ్రీన్ స్టార్ పాలిప్స్ లాంటి మెత్తటి కోరల్స్‌కు పెట్టెలో వచ్చేదే సరిపోతుంది. పైగా తక్కువ లైటు వల్ల మొదటి ఆర్నెల్లు నాచు కూడా తక్కువే. మొదట్లో రోజుకు 7, 8 గంటలకు మించి వెలిగించొద్దు.

ఫిల్టర్ సరుకు మాత్రం తీసి పక్కన పెట్టండి. మందపాటి స్పాంజి దిమ్మె ఒకటి ఇస్తారు. అది వారాల తరబడి చెత్తను పట్టి ఉంచి కుళ్లబెడుతుంది. దాని చోట దూదిలాంటి తెల్ల ఫిల్టర్ ఫ్లాస్ ముక్క పెట్టి వారానికి రెండుసార్లు మార్చేస్తే చేప రెట్ట, తినని మేత నైట్రేటుగా మారకముందే బయటికి పోతాయి. సిరామిక్ ఉంగరాలు ఉంచినా తీసినా పెద్ద తేడా లేదు, ఆ పని రాయి చేస్తుంది. కార్బన్ సంచి ఉంచుకోండి, నెలకోసారి మార్చండి.

చిన్న కిట్లకని అమ్మే బుల్లి స్కిమ్మర్ అక్కర్లేదు. సగం రోజులు చప్పుడు చేస్తుంది, మిగతా సగం పొంగుతుంది. 50 లీటర్ల ట్యాంకులో వారానికి 5 లీటర్ల నీళ్లు మారిస్తే అదే స్కిమ్మర్ కంటే మిన్న.

మూత ఉందో లేదో చూసుకోండి. ఫైర్‌ఫిష్, గోబీలు, రాస్సెలు దూకుతాయి. దూకవచ్చు కాదు, దూకుతాయి. అట్టపెట్టెలా పూర్తిగా మూసేసే ప్లాస్టిక్ మూత ఉన్న కిట్లలో ఆవిరి తగ్గుతుంది కానీ లైటు వేడి, పంపు వేడి లోపలే ఉండిపోయి నీరు గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువుంటుంది. వేడి గదులున్నవాళ్లకు 6 మిల్లీమీటర్ల కన్నులున్న వల మూతే మంచిది. దానితో పాటు నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరి పెరుగుతుంది కాబట్టి అప్పుడు ఏటీఓ లేకుండా అసలు కుదరదు.

హీటరు సంగతి

హీటరు చాలా కిట్లలో రాదు. వచ్చినా నమ్మి వదిలేయొద్దు. హీటర్లు చెడిపోయేటప్పుడు ఆరిపోవడం కంటే వెలుగుతూ ఉండిపోవడం ప్రమాదం. 15 లీటర్ల నీటిలో 100 వాట్ల హీటరు అలా ఇరుక్కుపోతే, బయటికి పోయే వేడిని పక్కన పెడితే, పది నిమిషాలకు ఒక డిగ్రీ పెరుగుతుంది. గంట తిరిగేసరికి 26 కాస్తా 32. అదే 40 లీటర్లలో 50 వాట్ల హీటరైతే ఒక్క డిగ్రీకి దాదాపు 55 నిమిషాలు పడుతుంది. ఎవరో ఒకరు గమనించడానికి టైముంటుంది. లీటరుకు ఒక వాట్ దాటని హీటరు, దానికి విడిగా టెంపరేచర్ కంట్రోలర్: హీటరు మీద 27, కంట్రోలర్ మీద 25.5 పెట్టుకుంటే ఒకటి పోయినా ఇంకోటి ఆపుతుంది. నీళ్లు మార్చేటప్పుడు హీటరు ప్లగ్గు తీయడం మర్చిపోవద్దు. చివరి అర ఖాళీ అవగానే గాజు హీటరు పగులుతుంది.

నీళ్లు, ఉప్పు, కొలతలు

కుళాయి నీటిలో క్లోరిన్, ఫాస్ఫేట్, సిలికేట్ ఉంటాయి, పైపుల నుంచి రాగి కూడా దిగొచ్చు. క్లోరిన్‌ను మందు వేసి తీసేయొచ్చు, మిగతావి ఉండిపోతాయి. కావాల్సింది ఆర్ఓ-డీఐ నీరు (ఆర్ఓ తర్వాత మిగిలిన లవణాలను కూడా రెసిన్‌తో తీసేసినది), టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల కొలత) మీటరు మీద సున్నా. తాగే ఆర్ఓ మిషన్ నీళ్లు వాడాలనుకుంటే ముందు టీడీఎస్ చూడండి. రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపే మిషన్లు 50 దాకా చూపిస్తాయి, అవి పనికిరావు.

ఉప్పు లీటరుకు బ్రాండును బట్టి 35 నుంచి 38 గ్రాములు. పది లీటర్లకు 370 గ్రాములతో మొదలుపెట్టి కొలిచి సర్దుకోండి. బకెట్లో ముందు నీళ్లు, తర్వాత ఉప్పు, అది కూడా పంపు తిరుగుతుండగా కొంచెం కొంచెంగా. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కబడి కాల్షియం తెల్లగా గడ్డకట్టి కూర్చుంటుంది, ఇక కరగదు. జీవాలున్న ట్యాంకులో నేరుగా ఉప్పు ఎప్పుడూ వేయొద్దు. ఒక బ్రాండు పట్టుకుంటే దాన్నే కొనసాగించండి. కొన్ని ఉప్పులు 8 డీకేహెచ్ (నీటి క్షారత్వం కొలత) దగ్గర కలుస్తాయి, కొన్ని 11 దాటుతాయి. అలవాటు లేకుండా మారిస్తే చిన్న ట్యాంకులో కోరల్స్‌కి తెలిసిపోతుంది.

కొలవడానికి ప్లాస్టిక్ ముల్లు ఊగే హైడ్రోమీటర్ వద్దు. ముల్లుకు ఒక్క గాలి బుడగ అంటినా లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటర్ తీసుకోండి, దాన్ని ఆర్ఓ నీటితో సున్నాకు కాకుండా 35 పీపీటీ ద్రావణంతో 35కే సరిచేయండి. మనం చూసేది 35 దగ్గర కాబట్టి అక్కడ సరిగ్గా ఉంటే చాలు. 25 డిగ్రీల దగ్గర 35 పీపీటీ అంటే 1.026 సాపేక్ష సాంద్రత.

అమర్చడం

ఉప్పునీటితో నిండిన 50 లీటర్ల కిట్టు, రాళ్లతో కలిపి, 65 కిలోల పైమాటే. కంప్యూటర్ బల్ల మీద పెట్టే వస్తువు కాదు. స్టాండు సమతలంగా ఉందో లేదో నీళ్లు పోయక ముందే చూసుకోవాలి.

డ్రై రాక్ (జీవాలేవీ లేని ఎండు రాయి) ఐదు కిలోల దాకా. ముందు రాయిని గాజు అడుగు మీదే పేర్చి, కదలకుండా జిగురుతో అతికించి, తర్వాతే ఇసుక పోయండి. ఇసుక మీద రాయి పెడితే గోబీలు, పిస్టల్ రొయ్యలు కింద తవ్వి కూల్చేస్తాయి. 1, 2 మిల్లీమీటర్ల అరగొనైట్ ఇసుక రెండున్నర సెంటీమీటర్ల మందం, అంటే 50 బై 30 సెంటీమీటర్ల అడుగుకు దాదాపు 5 కిలోలు. నాలుగు పక్కలా గాజుకూ రాయికీ మధ్య అయస్కాంత స్క్రబ్బర్ పట్టేంత సందు వదలండి. ఇది చెప్పినా ఎవరూ వినరు. మూడో నెలలో నాచు గీకేటప్పుడు గుర్తొస్తుంది.

తర్వాత సైకిల్, అంటే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాను చేపల కంటే ముందే ట్యాంకులో పెంచడం. సీసాలో దొరికే బ్యాక్టీరియా పోసి, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకు తీసుకురండి. ఇంట్లో తుడవడానికి వాడే అమ్మోనియా సీసా ఊపితే నురగ నిలిస్తే అందులో సబ్బు కలిసినట్టే, అది వాడొద్దు. మొదటి రోజుల్లో ఏమీ కదలదు. తర్వాత అమ్మోనియా దిగి నైట్రైట్ పెరుగుతుంది, అదీ దిగి నైట్రేట్ మిగులుతుంది. 2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటల్లో మళ్లీ సున్నా అయితే ట్యాంకు సిద్ధం. డ్రై రాక్‌తో నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. చేపను వదిలి సైకిల్ చేయించే పాత పద్ధతి అవసరం లేదు, ఆ చేప పడే బాధ తప్ప అదనంగా ఒరిగేదేం లేదు. చివర్లో సగం నీళ్లు మార్చి చేప తెచ్చుకోండి.

ఎన్ని చేపలు

50 లీటర్లకు రెండు, బాగా ఓర్పుంటే మూడు. నర్సరీలో పుట్టిన ఆసెలారిస్ క్లౌన్ చేపల జంట అన్నింటికంటే నమ్మకమైన ఎంపిక. కొనేటప్పుడు రెండూ చిన్నవే, కానీ ఒకటి ఇంకోదాని కంటే కాస్త పెద్దదిగా చూసి తీసుకోండి. అవన్నీ మగవిగానే పుడతాయి. జంటలో పెద్దది ఆడదవుతుంది, చిన్నది తగ్గి ఉంటుంది. సమానంగా ఉన్న పెద్ద చేపలు రెండు వదిలితే ఎవరు పెద్దో తేలేదాకా కొట్టుకుంటాయి. ఎనిమనీ (సముద్రంలో క్లౌన్లు దాక్కునే పువ్వులాంటి జీవి) లేకుండానే హాయిగా బతుకుతాయి. మొదటి ఏడాది ఎనిమనీ పెట్టకపోవడమే మంచిది, అది నడుస్తూ వెళ్లి వేవ్ పంపులో పడితే ముక్కలైపోయి నీరంతా పాడవుతుంది.

జంట వద్దనుకుంటే ఒక ఎల్లో వాచ్‌మన్ గోబీ, దానికి తోడుగా పిస్టల్ రొయ్య. రొయ్యకు చూపు సరిగ్గా ఆనదు. గుంత తవ్వుతూ ఒక మీసాన్ని ఎప్పుడూ గోబీకి తగిలించి ఉంచుతుంది, గోబీ తోక ఆడిస్తే లోపలికి దూరుతుంది. దీన్ని దగ్గర్నుంచి చూడాలంటే పెద్ద ట్యాంకు కంటే చిన్నదే మేలు, వెతుక్కోనక్కర్లేదు.

బ్లూ టాంగ్ వద్దు, అది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మాండరిన్ వద్దు, రోజంతా రాళ్ల మీద కోపిపాడ్లనే బుల్లి పురుగుల్లాంటి జీవులను ఏరుకు తినే చేపకు 50 లీటర్ల రాయి మీద మేత చాలదు, నెమ్మదిగా ఎండిపోతుంది. డామ్సెల్స్ గట్టివే, కానీ తర్వాత ఏ చేప తెచ్చినా తరిమి తరిమి చంపుతాయి.

గాజు తుడిచేందుకు నత్తలు మూడు నాలుగు, హెర్మిట్ పీతలు రెండు మూడు, వాటికి ఖాళీ గవ్వలు కొన్ని. గవ్వలు లేకపోతే నత్తను చంపి గవ్వ లాక్కుంటాయి. జోయాంథిడ్లు ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో వేయడం, మరిగించడం ఎప్పుడూ చేయొద్దు, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

మేత: గడ్డకట్టిన మైసిస్ (చిట్టి రొయ్యల్లాంటి జీవుల) క్యూబులో పావు వంతు, ఆర్ఓ నీటిలో జాలిస్తే, రెండు క్లౌన్లకు ఒక పూటకు చాలు. క్యూబంతా వేస్తే మిగిలింది ఎవరి నోట్లోకీ పోదు, ఫాస్ఫేటులోకి పోతుంది.

మూడో వారం నుంచి ఆరో నెల దాకా

మొదట ఇసుక మీద గోధుమరంగు పొడిలాంటిది పరుచుకుంటుంది. డయాటమ్‌లు. సిలికేట్ అయిపోగానే పోతాయి, ఏమీ చేయనక్కర్లేదు. ఆ తర్వాత ఎర్రటి పొరలా సయానో (సయానోబ్యాక్టీరియా), లేకపోతే పచ్చటి జుట్టు నాచు. చేత్తో పీకి, ప్రవాహం పెంచి, మేత తగ్గిస్తే దారికొస్తాయి.

కొత్తవాళ్లను నిజంగా ఓడించేది డైనోఫ్లాజెలేట్లు. గోధుమరంగు చీమిడిలా, దారాల్లా వేలాడుతూ, కొసల్లో బుడగలతో ఉంటాయి. లైటు వెలిగినంతసేపూ పెరుగుతాయి, రాత్రికి తగ్గినట్టు కనిపిస్తాయి, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ తయారు. అవి డైనోలా డయాటమ్‌లా అని తేల్చుకోవడం సులువే. కొంచెం చీమిడిని నీటితో పాటు సీసాలోకి తీసి గట్టిగా ఊపండి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టండి, కిందికొచ్చిన నీటిని లైటు కింద గంటసేపు ఉంచండి. మళ్లీ ముద్దగా అతుక్కుంటే డైనోలే.

ఇవి వచ్చేది మురికి ట్యాంకుల్లో కాదు, అతిగా శుభ్రంగా ఉన్నవాటిలో. డ్రై రాక్, ఒక్క చేప, పొదుపుగా మేత, ఫాస్ఫేట్ పీల్చే మందు, వారానికి రెండుసార్లు నీళ్లు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడతాయి, పోటీగా పెరగాల్సిన మిగతా సూక్ష్మజీవులు చస్తాయి, డైనోలకు మైదానం ఖాళీ. చూసినవాళ్లు నాచేమో అనుకుని ఇంకా నీళ్లు మారుస్తారు, ఇంకా పెరుగుతుంది. చేయాల్సింది తిరగేసి ఉంటుంది: నీళ్ల మార్పిడి కొన్నాళ్లు ఆపి, ఫాస్ఫేట్ మందు తీసేసి, మేత పెంచి నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 దగ్గర నిలపాలి. నత్తలు వాటిని తిని చావొచ్చు కాబట్టి చీమిడిని రోజూ సన్న గొట్టంతో పీల్చేయండి, ఆ నీటినే ఫ్లాస్‌లో వడగట్టి తిరిగి పోయండి. వారాలు పడుతుంది. దీనికి చిన్న ట్యాంకు, పెద్ద ట్యాంకు తేడా లేదు. 50 లీటర్లలో పీల్చే పని పది నిమిషాలు, అంతే తేడా.

పెద్ద ట్యాంకు కంటే ఇదే మేలయ్యే చోట్లు

వారానికి 5 లీటర్లు ఒక బకెట్టు. ఒక్క చేత్తో మోసుకెళ్లొచ్చు, 15 నిమిషాల పని. 300 లీటర్ల ట్యాంకుకు అదే పాళ్లలో మార్చాలంటే దాదాపు 30 లీటర్లు కలపాలి, మోయాలి, పాత నీరు పారబోయాలి. ఆరంభశూరత్వం తగ్గాక పెద్ద ట్యాంకులు ఎండగట్టేది ఈ బరువే. మెత్తటి కోరల్స్ మాత్రమే ఉంటే ఆ 5 లీటర్లలోనే కాల్షియం, డీకేహెచ్ సర్దుకుపోతాయి, మందులు కలిపే పంపులు అక్కర్లేదు.

ఏదైనా పొరపాటున పడిందనుకోండి, గది స్ప్రే, సబ్బు చేయి, రాత్రి చచ్చిన చేప. 20 లీటర్లు కలిపి పెట్టుకుని ఉంటే సగం నీళ్లు అప్పటికప్పుడు మార్చేయొచ్చు. 300 లీటర్లకు సగం మార్చే ఉప్పునీరు ఇంట్లో సిద్ధంగా ఎవరూ ఉంచరు. చిన్న ట్యాంకులో తప్పు త్వరగా ముదురుతుందనేది నిజం, అంతే త్వరగా దిద్దుకోవచ్చనేదీ నిజం. మూత బిగించిన రెండు క్యాన్లలో ఉప్పునీరు ఎప్పుడూ ఉంచండి.

క్వారంటైన్ కూడా రెండు చేపలకే కాబట్టి 40 లీటర్ల ఖాళీ డబ్బా, స్పాంజి ఫిల్టరు, ప్లాస్టిక్ పైపు ముక్కలు చాలు. తెల్ల మచ్చల జబ్బు, వెల్వెట్, క్లౌన్లలో వచ్చే బ్రూక్‌లినెల్లా, మూడూ కొత్త చేపతో పాటే వస్తాయి. రాగి మందు ఆ డబ్బాలోనే వాడాలి. అసలు ట్యాంకులో వేస్తే నత్తలు, రొయ్యలు, కోరల్స్ చస్తాయి, రాయి కూడా రాగిని పీల్చుకుని ఉంచుకుంటుంది. మచ్చల జబ్బు ట్యాంకులోకి వచ్చేశాక చేపలన్నీ బయటికి తీసి 76 రోజులు ఖాళీగా ఉంచాలన్నది అందరూ పాటించే లెక్క. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

కరెంటు పోయినప్పుడు ఆల్-ఇన్-వన్‌లో నీరు నేల మీదికి రాదు, అరలన్నీ సమమై ఆగిపోతాయి. సంప్ ఉన్నవాళ్లకు లేని నిశ్చింత ఇది. కానీ ప్రవాహం ఆగితే ఆక్సిజన్ తగ్గుతుంది. బ్యాటరీతో, పవర్ బ్యాంకుతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గరుంటే రాత్రంతా గడుస్తుంది.

ఏ సైజు ఎవరికి

50 నుంచి 80 లీటర్లు: ఏటీఓ, రిఫ్రాక్టోమీటర్, కంట్రోలర్ ఉన్న హీటరు కొనగలిగి, రోజుకు ఐదు నిమిషాలు, వారానికి అరగంట కేటాయించగలిగేవాళ్లకు. బడ్జెట్టులో ఇవి పట్టకపోతే కిట్టు చవకదైనా కొనొద్దు, కొన్ని నెలలు ఆగండి. 80 నుంచి 110: చోటుంటే ఇది ఇంకా సుఖం, ఇంకో చేప పడుతుంది, కానీ నీళ్లు మోయడం మొదలవుతుంది. నెలలో పది రోజులు ఊళ్లు తిరిగేవాళ్లకు, ఇంట్లో ఇంకెవరూ ట్యాంకు వంక చూడనివాళ్లకు ఏ సైజూ సరిపోదు, ఏటీఓ ఉన్నా.

20 లీటర్ల కిట్టు ఇప్పటికే కొనేసి ఉంటే దాన్ని పారేయనక్కర్లేదు. చేప ఆలోచన వదిలేయండి. రెండు కిలోల రాయి, నాలుగు మష్రూములు, ఒక జోయాంథిడ్ గుత్తి, నడుము ఊపుతూ తిరిగే సెక్సీ రొయ్యలు మూడు, వీటికి ఆ డబ్బా చాలు. మేత చిటికెడు, మురికి తక్కువ, వారానికి రెండు లీటర్లు మారిస్తే నీరంతా అదుపులో ఉంటుంది. ఉదయం కాఫీ పెట్టుకునేటప్పుడు వెనక అరలో టేపు గుర్తు దాకా ఆర్ఓ నీళ్లు పోయడం మాత్రం ఒక్క రోజు కూడా తప్పొద్దు.